జాబితాలో లేని పేరు

కిందటి వారం మనం వాసంతిని తార్నాక చౌరస్తాలో బస్సు దింపి, చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితంతో నిలబెట్టి వచ్చేశాం. వారం రోజులుగా ఆ పిల్ల అక్కడే ఎండలో నిలబడి ఉందని పాఠకులెవరూ బెంగపడనక్కర్లేదు. ఎప్పుడో రోడ్డు దాటేసింది. దాటుతున్నంతసేపూ ఆ కాగితాన్ని తిట్టుకుంటూనే ఉంది.

కాగితం కథ ఇది. వాసంతి జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చి యూనివర్సిటీలో ఎమ్మే ఎకనామిక్స్ మొదటి సంవత్సరం చదువుతోంది. అడిక్‌మెట్‌లో గది. లెక్చరర్ కావాలన్నది ఆమె ఆశ. తీరా చూస్తే నలుగురి ముందు నిలబడితే నోరు పెగలదు. ఫ్రెషర్స్ డే నాడు మైకు దాకా వెళ్లి, తన పేరు తాను చెప్పుకోలేక దిగివచ్చేసింది. అప్పటినుంచి క్లాసులో ఆమె పేరు ‘మ్యూట్’. నాలుగు నెలలుగా ప్రతి శనివారం తార్నాకలో హెలెన్ అనే రిటైర్డ్ టీచరు గారి దగ్గర మాట్లాడటం నేర్చుకుంటోంది. ఇంతలో ఉరుము లేని పిడుగులా కరుణాకర్ సారు ఆమెను పిలిచి, వచ్చే శుక్రవారం డిపార్ట్‌మెంటు సభలో వందన సమర్పణ నువ్వే చెయ్యాలన్నారు. ఇరవయ్యొక్క పేర్ల జాబితా చేతిలో పెట్టారు.

“వరుస మారొద్దమ్మా. పోయినేడు ఒకాయన పేరు ముందల డాక్టర్ అనుడు మర్చిపోయినం. ఇప్పటికీ నా నమస్తేకు జవాబియ్యడు,” అని ఆయన తన గోడు కూడా వెళ్లబోసుకున్నారు.

క్లాసులో మైకు కనిపిస్తే వదలని సంజీవ్ ఆ సంగతి విని, “పేపర్ నాకియ్యి వాసంతీ. నేను చదువుత, నువ్వు పక్కన నిలవడు. సార్‌కు నేను చెప్త తియ్,” అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. వాసంతి ఇస్తాననలేదు, ఇవ్వననలేదు. కానీ మనసులో మాత్రం ఒకటి గట్టిగా అనుకుంది. ఈ శుక్రవారం కూడా గొంతు రాకపోతే లెక్చరర్ మాట ఇక ఎత్తకూడదు. ఎవరితోనూ మాట్లాడనక్కర్లేని ఏదో ఒక ఆఫీసు పని చూసుకోవాలి.

కాబట్టి శనివారం సాయంత్రం హెలెన్ గారి గేటు తీసినప్పుడు ఆమె మొహం కాగితం కన్నా ఎక్కువ మడతలు పడి ఉంది.

హెలెన్ గారిల్లు తార్నాకలో ఒక సందు చివర. మూడు గదులు, ఒకదాని వెనక ఒకటి, రైలు పెట్టెల్లా ఉంటాయి. భర్త ఇమ్మానుయేలు గారు రైల్వేలో క్లర్కుగా చేసి రిటైరైన మనిషి గనక ఏరి కోరి అలాంటి ఇల్లే కొన్నారని వీధిలో వేళాకోళం. ఇద్దరిదీ భీమవరం వైపు. చదువులకని వచ్చి, ఉద్యోగాలకని ఉండి, ఇక్కడి వాళ్లయిపోయారు. ఇమ్మానుయేలు గారికి ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది సగం. ఆ సగం చెవే ఆవిడ బడికి పరీక్షాధికారి.

పద్ధతి ఇలా ఉంటుంది. మాట్లాడేవాళ్లు ముందు వసారాలో గేటుకు ఆనుకుని నిలబడాలి. ఇమ్మానుయేలు గారు మూడు గదుల అవతల, పెరటి గుమ్మంలో పీట వేసుకుని చిక్కుడుకాయలు ముందేసుకుంటారు. మాట వినపడుతున్నంతసేపూ ఆయన చేతులు ఈనెలు తీస్తూ ఉంటాయి. వినపడకపోతే ఒక చిక్కుడుకాయ పైకి లేస్తుంది. ఇంతవరకూ ఆ ఇంట్లో మాటలు నేర్చుకున్న పిల్లలందరూ ఆ చిక్కుడుకాయకు భయపడినవాళ్లే.

“కానియ్,” అన్నారు హెలెన్ గారు, వంటింటి గుమ్మంలో నిలబడి.

“సభకు నమస్కారం. వేదికను అలంకరించిన పెద్దలు…”

చిక్కుడుకాయ లేచింది.

వాసంతి గొంతు పెంచింది. చిక్కుడుకాయ ఇంకా పైకి లేచింది. ఈసారి మెడ నరాలు కనపడేట్టు అరిచింది.

“అరవకు,” అన్నారు హెలెన్ గారు. “ఆయనకి చెవుడే గానీ నీ మీద పగేం లేదుగా. కాగితంలోంచి తలెత్తి ఆయన్ని చూడు. చూసి, ఆయనకి చెప్పు. నెమ్మదిగా చెప్పినా సరే.”

వాసంతి తలెత్తింది. మూడు గుమ్మాల చివర తెల్ల బనియను, తెల్ల జుట్టు, ఒళ్లో పళ్లెం. ఆయనకే చెబుతున్నట్టు ఒక్కో పేరూ విడివిడిగా పలికింది. చిక్కుడుకాయ దిగింది, చేతులు కదిలాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు పేర్లు గడిచాయి. అయిదో పేరు దగ్గర ఆ చేతులు మళ్లీ ఆగాయి. కాయ మాత్రం లేవలేదు.

“అంకుల్, ఇనవడ్తలేదా?”

“వినపడుతోంది తల్లీ,” అని ఇమ్మానుయేలు గారు అక్కణ్నుంచే కేకేశారు. చెవిటివాళ్ల మాట ఎప్పుడూ కేకే కదా. “బాగా వినపడుతోంది. ఆయనకి థ్యాంక్స్ ఎందుకు చెబుతున్నావో అదే తెలీలా!”

వాసంతి కాగితం చూసుకుంది. కాగితంలో ఆ సంగతి లేదు.

“వీళ్లు ఇరవయ్యొక్కమందీ ఏం చేశారు?” అన్నారు హెలెన్ గారు.

“నాకేం తెల్సు టీచర్? సార్ రాసిచ్చిండు.”

“ఏం చేశారో తెలీకుండా కృతజ్ఞత ఎక్కణ్నుంచి వస్తుంది? నోట్లోంచి వస్తుంది, అంతే. అందుకే జనం లేచి వెళ్లిపోతారు. నీకు ఇంకా అయిదు రోజులుంది. వెళ్లి అడుగు. ఒక్కొక్కళ్ల దగ్గరికీ వెళ్లి, మీరేం చేశారండీ అని అడిగి తెలుసుకో.”

“ఇరవయ్యొక్కమందినా?”

“పేర్లు చదవడానికి ఇరవయ్యొక్కమందీ కావాలి గానీ, పలకరించడానికి ఎక్కువైపోయారా?”

వాసంతికి నవ్వొచ్చింది. ఆవిడ టీ వడగట్టడానికి లోపలికి వెళ్తే తనూ వెనకాలే వెళ్లి, ఆ నవ్వులోనే సంజీవ్ మాట చెప్పేసింది. పేపర్ ఇమ్మన్నాడు టీచర్, వాడే చదువుతాడట అని.

హెలెన్ గారి చేతిలో గిన్నె ఒరిగింది. టీ గ్లాసులో పడాల్సింది గట్టు మీద పడింది.

“ఇచ్చావా?”

“ఇయ్యలే టీచర్. ఇయ్యనని గూడ అనలే.”

“ఇవ్వకు.” ఆ గొంతు వాసంతి అంతకుముందెన్నడూ విననిది. “నోరెండిపోనీ, నత్తి రానీ, సగంలో ఆగిపోనీ. నీ కాగితం నువ్వే చదువు. ఇంకొకళ్ల చేతిలో పెట్టకు. విన్నావా?”

“విన్న టీచర్.”

“ఏంటి హెలెన్, ఎవరి మీద కేకలు?” అని పెరట్లోంచి ఇమ్మానుయేలు గారు అడిగారు.

“ఎవరి మీదా లేదులెండి. ఈనెలు తీసుకోండి.” ఆవిడ గుడ్డతో గట్టు తుడిచి, మళ్లీ మామూలు గొంతుతో, “ఇంకో మాట. అక్కడ నా పేరు ఎత్తొద్దు,” అన్నారు.

“అదేంది టీచర్! నాకు మాటలు నేర్పిందే మీరైతే…”

“వద్దంటే వద్దు. మాటివ్వు.”

వాసంతి మాటిచ్చింది. ఇచ్చింది గానీ, అడిక్‌మెట్ దాకా బస్సులో అదే ఆలోచన. ఇంతమందికి మాట్లాడటం నేర్పే హెలెన్ గారు ఏ సభలోనూ మాట్లాడగా తను చూడలేదు. కిందటి నెలలో చర్చి స్త్రీల సమాజం వాళ్లు వార్షికోత్సవానికి నాలుగు మాటలు చెప్పమని ఇంటికొచ్చి బతిమాలారు. వంటల పని నేను చూసుకుంటానమ్మా అని తప్పించుకున్నారు. ఈత నేర్పే మనిషి నీళ్లలోకి దిగకపోవడమేమిటని వాసంతికి అంతు పట్టలేదు.

సోమవారం పొద్దున్నే సంజీవ్‌కు చెప్పేసింది. “నేనే చదువుత. ఏమనుకోకు.”

“నేనేమనుకుంట? ఆగిపోతే నా దిక్కు చూడు, ఉరికొస్త,” అన్నాడు వాడు. అన్నవాడే మర్నాడు జాబితాలోని ఇద్దరు ప్రొఫెసర్ల ఇళ్లు కూడా చూపించాడు. మైకు పిచ్చి ఉన్నంత మాత్రాన మనిషి చెడ్డవాడు కానక్కర్లేదు.

నాలుగు రోజులు వాసంతి క్యాంపస్ అంతా కాలికి బలపం కట్టుకుని తిరిగింది. చింతచెట్ల కింద నుంచి లైబ్రరీకి, లైబ్రరీ నుంచి అకౌంట్స్ సెక్షన్‌కు, అక్కణ్నుంచి స్టాఫ్ క్వార్టర్లకు. మీరేం చేశారండీ అంటే కొందరు కోప్పడ్డారు. ఒకాయన నేను ఏం చేయలేదో చెప్పు అని ఎదురు ప్రశ్న వేశారు. తేలిందేమిటంటే, ఇరవయ్యొక్కమందిలో పదకొండు మంది చేసింది ఏమీ లేదు. ఉన్నారంతే. మిగిలిన పదిమందీ మాత్రం నిజంగా చేశారు. లైబ్రరీలో ఒక మేడం నాలుగు ఆదివారాలు కూర్చుని, దుమ్ము కొట్టుకుపోయిన డిపార్ట్‌మెంటు పాత ఫోటోలన్నీ తుడిచి, వాటిలో ఉన్నది ఎవరెవరో కనుక్కుని పేర్లు వెనక రాసింది. ఆ మాట చెబుతున్నప్పుడు ఆవిడ కళ్లు మెరిశాయి. ఇంతవరకూ ఎవరూ అడగలేదన్నది.

గురువారం సాయంత్రం సెమినార్ హాలు చూసుకుందామని వెళ్తే, అటెండరు వెంకటస్వామి స్టూలెక్కి స్పీకరు బాక్సు తుడుస్తున్నాడు. జాబితాలో ఆయన పేరు లేదు.

“అన్నా, నువ్వెన్నేండ్ల సంది చేస్తున్నవ్ ఈ పని?”

“ఇరవై ఏడేండ్లాయె బిడ్డా. ఏం?”

“రేపు వందన సమర్పణ నాదే. నీ పేరు ఈ లిస్టుల లేదు.”

వెంకటస్వామి స్టూలు మీదే కూర్చుని నవ్వాడు. “నా పేరెందుకుంటది? ఉన్నా ఇనేటోడెవడు? వందన సమర్పణ అనంగనే కుర్చీలు జరుపుకుంట అన్నానికి ఉరుకుతరు. నేనొక్కన్నే ఉంట, మైకు బందు చెయ్యాలె గద. ఇరవై ఏడేండ్ల సంది ఈ హాల్ల వందన సమర్పణ మొదటికెల్లి ఆఖరి దాక ఇన్నోన్ని నేనే.”

“ఎట్లుంటదన్నా ఇంటాంటే?”

“ఏముంటది. పేర్లు.”

ఆ రాత్రి వాసంతి నిద్ర చెడగొట్టుకోలేదు, కలలో మైకులూ రాలేదు. కడుపునిండా తిని పడుకుంది. ఎవరికి చెప్పాలో తెలిసిపోయాక భయం సగం తగ్గింది.

శుక్రవారం సభ పదిన్నరకన్నది పదకొండున్నరకు మొదలైంది. ముఖ్య అతిథి శామ్యూల్ గారు. ఈ డిపార్ట్‌మెంటు పాత విద్యార్థే, ఎక్కడో పెద్ద కాలేజీకి ప్రిన్సిపాల్‌గా చేసి రిటైరయ్యారు. అరవై రెండు మూడేళ్లుంటాయి. నిలువెత్తు మనిషి, గంట మోగినట్టుండే గొంతు. యాభై నిమిషాలు మాట్లాడినా ఎవరూ సెల్‌ఫోను తీయలేదంటే ఆ గొంతు ఎలాంటిదో ఊహించుకోవచ్చు. ఆయన కూర్చునేసరికి ఒకటిన్నర. బయట షామియానా కింద బిర్యానీ డేగిశాల మూతలు తీశారు. ఆ వాసన ఎవరినీ అడక్కుండా హాల్లోకొచ్చి కూర్చుంది.

“చివరగా వందన సమర్పణ, కుమారి వాసంతి,” అన్నారు కరుణాకర్ సారు.

బడిగంట కొట్టినట్టు కుర్చీలు జరిగాయి. సగం హాలు లేచింది. వాసంతి మెట్లెక్కి మైకు ముందు నిలబడింది. నాలిక అంగిట్లో అతుక్కుపోయింది. ఫ్రెషర్స్ డే నాడు కూడా సరిగ్గా ఇలాగే అయింది. ముందు వరసలో సంజీవ్ అరచేతులు కుర్చీ చేతుల మీద ఆనించి, పిలిస్తే లేవడానికి సిద్ధంగా ఉన్నాడు.

ఆమె వాణ్ని చూడలేదు. హాలు చివర, స్విచ్చు మీద చెయ్యి పెట్టి వెంకటస్వామి నిలబడి ఉన్నాడు. ఆయన్ని చూసింది. చూసి, ఆయనకు చెప్పింది.

“అందరికి నమస్తె. మీకు ఆకలైతున్నదని నాకు తెలుసు. నాకు గూడ అయితున్నది. బిర్యాని చల్లారకముందే అయిపోగొడ్త.”

ఎవరో నవ్వారు. లేచినవాళ్లలో కొందరు ఆగారు.

“పొద్దున ఏడున్నరకు ఈ హాల్ల ఒక్కరే ఉన్నరు. మీరు కూసున్న కుర్చీలు ఆయన ఏసినయే. ఇప్పుడు నా మాట మీకు ఇనవడ్తున్నదంటే మైకు ఆయన సక్కగ చేసిండు గనుకనే. ఇరవై ఏడేండ్ల సంది ఈ హాల్ల వందన సమర్పణ ఆఖరిదాక నిలవడి ఇన్న మనిషి కూడ ఆయననే. ఇన్నేండ్లల్ల ఒక్కసారి గూడ ఆయన పేరు ఆయనకు ఇనవడలేదట. వెంకటస్వామి గారు, మొదటి ధన్యవాదాలు మీకే.”

హాలంతా వెనక్కి తిరిగింది. వెంకటస్వామి చెయ్యి స్విచ్చు మీదనుంచి జారి, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తల గోక్కుంది. చప్పట్లు మొదలయ్యాయి. లేచినవాళ్లు ఒక్కొక్కళ్లే కూర్చున్నారు.

తర్వాత లైబ్రరీ మేడం ఫోటోలతో గడిపిన నాలుగు ఆదివారాల సంగతి చెప్పింది. ఊరినుంచి వచ్చే పిల్లలకు తన ఇంట్లో భోజనం పెట్టి పాఠం చెప్పిన ప్రొఫెసరు గారి సంగతి చెప్పింది. ఒక్కో పేరుకు ఒక్కో కారణం. వరుస పూర్తిగా తలకిందులైంది. వేదిక మీద కరుణాకర్ సారు మొదట నుదుటి మీద చెయ్యి పెట్టుకున్నారు, తర్వాత ఆ చెయ్యే తీసి చప్పట్లు కొట్టారు. మిగిలిన పదకొండు పేర్లనూ వాసంతి వదల్లేదు. డాక్టర్లు ప్రొఫెసర్లతో సహా వరుస తప్పకుండా ఒక్క గుక్కలో చదివేసి, “ఈ పెద్దలంతా మనతోని ఉన్నరు. అదే మనకు బలం,” అంది. ఆ పదకొండు మందీ కూడా సంతోషించారు. నిజంగా మొదటివాళ్ల కన్నా వీళ్లే ఎక్కువ సంతోషించారు.

అక్కడితో దిగిపోవాల్సింది. అన్నాళ్లు తెరుచుకోనని మొరాయించిన నోరు ఇప్పుడు మూసుకోనంటోంది. ఒంట్లో కొత్త నెత్తురు పారుతున్నట్టుంది ఆమెకు.

“ఇంకొక్క పేరు. ఫ్రెషర్స్ డే నాడు ఇదే మైకు కాడ నా పేరు నేను చెప్పుకోలే. నన్ను మ్యూట్ అన్నరు. నా పేరు వాసంతి. ఈ మాట మీ కండ్లల్ల చూసి చెప్పుడు నాకు నేర్పింది తార్నాక హెలెన్ టీచర్. టీచర్, మీకు దండం.”

హాలు మోగిపోయింది. ఆ మోతలో వాసంతికి ఒక్కసారిగా తానిచ్చిన మాట గుర్తొచ్చింది. తప్పు చేసిన పిల్లలా పక్కకు చూసింది. వేదిక మీద అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఒక్క శామ్యూల్ గారి రెండు చేతులూ కలవబోయి మధ్యలో ఆగిపోయాయి.

బిర్యానీ దగ్గర సంజీవ్ తన పళ్లెంలో ముక్క తీసి ఆమె పళ్లెంలో వేశాడు. “మ్యూట్ తీసి పారేసినవ్ పో. ఇగ నాకు మైకు దొరుకుడు కష్టమే.” కరుణాకర్ సారు వచ్చి, వరుస మార్చినందుకు రెండు నిమిషాలు చీవాట్లు పెట్టి, వచ్చే నెల సెమినార్‌లో పేపరు చదవడానికి పేరు రాసుకున్నారు. వాసంతికి నేల మీద కాలు ఆనడంలేదు.

“అమ్మాయీ, ఒక్క నిమిషం.”

శామ్యూల్ గారు. చేతిలో పళ్లెం లేదు. వరండాలో రాతి స్తంభం పక్కకు రమ్మని పిలిచారు. దగ్గరనుంచి చూస్తే ఆ నిలువెత్తు మనిషి కాస్త ఒంగినట్టే ఉన్నారు.

“ఏ హెలెన్? భీమవరం హెలెనా? రైల్వే ఇమ్మానుయేలు భార్య?”

“అవున్సార్.”

“బాగున్నారా?”

“మంచిగున్నరు సార్.”

ఆయన హాలు తలుపు వైపు ఒకసారి చూశారు.

“నేనూ ఆమే ఒకే క్లాసు,” అన్నారు. “నలభై ఏళ్లయింది. ఇందాక నువ్వు నిలబడ్డావే, అక్కడే వక్తృత్వ పోటీ. చుట్టుపక్కల కాలేజీలన్నీ వచ్చాయి. నాది రెండో నంబరు, ఆమెది అయిదు. నేను వెళ్లి చెప్పాను. ఇప్పుడు నువ్వు విన్న గొంతుకి రెండింతలుండేది అప్పుడు. కానీ నేను చెప్పింది నాది కాదమ్మా, దొంగతనం. ఆమె రాసుకున్నది. ఆమె నెల రోజులు రాసుకున్న ఉపన్యాసం కాగితం ఎలాగో నా పుస్తకంలో చేరింది, తిరిగివ్వకుండా, ఒక్క ముక్క మార్చకుండా నేను చెప్పేశాను. ఆమె మూడో వరసలో కూర్చుని వింది.”

వాసంతి స్తంభానికి ఆనుకుంది.

“తర్వాత ఆమె పేరు పిలిచారు. వచ్చింది. మైకు ముందు నిలబడింది. చెప్పడానికేం మిగిలింది? సభ నవ్వింది. ఆమె దిగిపోయింది. కప్పు నాకిచ్చారు.” ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “ఆ కప్పు చూసే నాకు ఆ తర్వాత సభలన్నీ వచ్చాయి. ఎక్కడ మాట్లాడినా మూడో వరస వైపు చూడను. ఇవాళ నువ్వు ఆమె పేరు చెప్పినప్పుడు చూశాను. ఆమె ఇల్లెక్కడ?”

వాసంతికి జాలీ కోపమూ ఒకేసారి వచ్చాయి. ముసలాయన మొహం చూస్తే జాలి. తన టీచర్ నలభై ఏళ్లుగా వంటింట్లో దాక్కోవడానికి ఈయనే కారణమంటే కోపం. “టీచర్‌ను అడిగి చెప్త సార్. ఇప్పటికే ఒక మాట తప్పిన,” అని దణ్ణం పెట్టి గబగబా బస్టాపుకు నడిచింది.

తార్నాకలో గేటు తీసేసరికి నాలుగు దాటింది. హెలెన్ గారు వసారాలోనే ఉన్నారు. పెరట్లో మామూలుగా పీట, పళ్లెం, ఇమ్మానుయేలు గారు.

“టీచర్, మాట తప్పిన. మీ పేరు చెప్పిన.”

హెలెన్ గారు ఆమెను పైనుంచి కిందికి చూశారు.

“గొంతు వణికిందా?”

“లేదు.”

“ఆఖరి వరసకి వినపడిందా?”

“ఇనవడ్డది టీచర్. లేచినోల్లంత మల్ల కూసున్నరు. వెంకటస్వామన్న మైకు బందు చేసుడే మర్చిపోయిండు.”

ఆవిడ నవ్వారు. నవ్వి, దగ్గరికి తీసుకుని వీపు మీద గట్టిగా ఒక్కటి చరిచారు. అది దెబ్బో మెచ్చుకోలో చెప్పడం కష్టం. వాసంతి కళ్లు నీళ్లతో నిండిపోయాయి. నాలుగు నెలల కిందట ఇదే వసారాలో, ఇదే గేటు పట్టుకుని, ఇక నా వల్ల కాదని ఏడ్చింది. ఇప్పుడు ఆ గేటునే ముద్దు పెట్టుకోవాలనిపించింది. ఇక లెక్చరర్ కావడానికి చదువొక్కటే అడ్డం. చదువంటే ఆమెకెప్పుడూ భయం లేదు.

“టీచర్, ఇంకొకటి. శామ్యూల్ సార్ వచ్చిండు.”

ఆవిడ చెయ్యి ఆమె వీపు మీదే ఉండిపోయింది.

“అంత చెప్పిండు. పోటీ సంగతి. మీరు రాసుకున్నది ఆయన చెప్పిండట. గంత పెద్ద మనిషి దొంగతనం చేసి, నలభై ఏండ్లు ఆ కప్పు పట్టుకుని తిరిగిండు! మీ ఇల్లు అడిగిండు, నేను చెప్పలే.”

హెలెన్ గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కోపం వస్తుందనుకుంది వాసంతి, ఏడుస్తారనుకుంది. ఆవిడ రెండూ చేయలేదు. మూడు గుమ్మాల అవతల తల వంచుకుని ఈనెలు తీస్తున్న భర్తను చూశారు. ఆయనకు వినపడదని తెలిసీ గొంతు తగ్గించారు.

“దొంగతనమని చెప్పాడా?”

“అవును టీచర్.”

“పిచ్చివాడు. ఇన్నేళ్లూ అదే అనుకుంటున్నాడన్నమాట.” ఆవిడ కొంగు చివర వేలికి చుట్టుకున్నారు. “అతను దొంగిలించలేదమ్మా. ఆ కాగితం ముందురోజు సాయంత్రం అతని పుస్తకంలో పెట్టింది నేనే.”

“మీరా! ఎందుకు టీచర్?”

గేటు చప్పుడైంది. చర్చి దగ్గర ఎవరిని అడిగినా రైల్వే ఇమ్మానుయేలు గారిల్లు చూపిస్తారని వాసంతికి అప్పుడు తట్టింది.

“వందనాలండీ,” అంది బయటినుంచి ఒక గొంతు. మధ్యాహ్నం హాలంతా నింపిన గొంతే, ఇప్పుడు గేటు దాటి రావడానికి కూడా సరిపోనంత చిన్నది.

హెలెన్ గారు లేవలేదు. పెరట్లో పళ్లెం నేల మీద పెట్టిన చప్పుడైంది. అరిచి పిలిస్తే తప్ప పలకని ఇమ్మానుయేలు గారు గేటు వైపే చూస్తూ పీట మీదనుంచి లేచి నిలబడి, గోడ పట్టుకుని ఒక్కో గుమ్మమూ దాటుకుంటూ వస్తున్నారు.

“హెలెన్,” అన్నారు, జీవితంలో మొదటిసారి కేక వేయకుండా. “శామ్యూల్ వచ్చాడు. గేటు తియ్. ఆ కాగితం ఎందుకు ఇమ్మన్నానో నేనే చెబుతాను.”